జకార్తా ట్రాఫిక్‌లో స్కూటర్ మీద పిల్లల్ని బడికి ఎలా తీసుకెళ్లాలి

ఉద్యోగం మీద జకార్తా వచ్చిన తెలుగు కుటుంబాలు ఇల్లు కుదిరిన కొద్ది రోజులకే అడిగే మాట ఒకటుంది: "ముగ్గురం ఒకే బండి మీద వెళ్లొచ్చా? ఇక్కడ అందరూ అలాగే వెళ్తున్నారుగా!" అడగడంలో తప్పు లేదు. సుంతర్‌లోనో కెమయోరాన్‌లోనో ఇల్లు, మూడు నాలుగు కిలోమీటర్లలో బడి. పొద్దున్నే కారు తీస్తే సందు చివరికి చేరేసరికే సగం టైము అయిపోతుంది. స్కూటరైతే చేరుస్తుంది.

ముందు జవాబు చెప్పేస్తాం: వెళ్లకూడదు. ఇండోనేషియా ట్రాఫిక్ చట్టం (2009, నంబరు 22) ప్రకారం సైడ్‌కార్ లేని మోటార్ సైకిల్ మీద నడిపేవాళ్లు కాక ఇంకొక్కరే కూర్చోవాలి. పిల్లలకు మినహాయింపు లేదు. తప్పితే రెండున్నర లక్షల రుపియా వరకు జరిమానా, లేదా నెల వరకు జైలు. నలుగురు ఎక్కిన బండ్లు రోజూ కనిపిస్తాయి, చాలాసార్లు పోలీసు ఆపడు కూడా. అయినా ఆ అలవాటు చేసుకోవద్దు. మూడో మనిషి ఎక్కితే నడిపేవాళ్లు సీటు అంచుకి జరిగిపోతారు, హ్యాండిల్ తిప్పడానికి చోటు ఉండదు, బ్రేకు వేసినా బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. కాబట్టి కింద రాసినదంతా ఒక పెద్ద, ఒక పిల్ల లెక్కలోనే. మిగతావాళ్లు ఎలా వెళ్లాలో చివర్లో ఉంది.

కావలసినవి

- సిమ్ సి (మోటార్ సైకిల్ లైసెన్సు). కితాస్ (తాత్కాలిక నివాస అనుమతి) ఉన్నవాళ్లు తీసుకోవచ్చు.
- 110 లేదా 125 సీసీ మాటిక్, అంటే గేర్లు లేని స్కూటర్.
- ఎస్‌ఎన్‌ఐ (ఇండోనేషియా జాతీయ ప్రమాణం) గుర్తు ఉన్న హెల్మెట్లు రెండు. పిల్ల హెల్మెట్ పిల్ల సైజుదే కావాలి.
- ప్యాంటు, చొక్కా విడివిడిగా ఉండే రెయిన్‌కోట్లు రెండు జతలు.
- టైరు గాలి చూసే గేజి, డిస్క్ బ్రేకుకి వేసే తాళం.
- మడమ కప్పే బూట్లు, ఇద్దరికీ.

1. కాగితాలు

సిమ్ సికి 17 ఏళ్లు నిండాలి. 250 సీసీ వరకు పనికొస్తుంది. కొత్త సిమ్‌కి ప్రభుత్వ రుసుము లక్ష రుపియా, వైద్య పరీక్ష, సైకాలజీ పరీక్షల ఖర్చు వేరే. నడిపే పరీక్షలో ఒకప్పుడు 8 అంకె ఆకారంలో తిప్పమనేవారు. 2023 ఆగస్టు నుంచి అది పోయి ఎస్ ఆకారం ట్రాక్ వచ్చింది. నెమ్మదిగా నడిపినా కాలు కింద పెట్టకుండా తిప్పగలిగితే చాలు. ఇండియా లైసెన్సు ఒక్కటే జేబులో పెట్టుకుని రోజూ తిరగడం మాత్రం వద్దు. లైసెన్సు లేకుండా నడిపితే జరిమానా పది లక్షల రుపియా దాకా ఉంటుంది, యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే అడ్డం పడుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే ఎస్‌టీఎన్‌కే (రిజిస్ట్రేషన్ పత్రం), బీపీకేబీ (యాజమాన్య పుస్తకం) రెండూ అసలువే చూడండి. వాటిలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె పోల్చండి. పేరు మార్పిడి వెంటనే చేయించండి. మార్చకపోతే కెమెరా చలానాలు పాత యజమాని ఇంటికి పోతాయి, వాటికి ఎవరూ బదులివ్వకపోతే ఎస్‌టీఎన్‌కేని బ్లాక్ చేస్తారు. ఆ సంగతి మీకు పన్ను కట్టబోయినప్పుడే తెలుస్తుంది.

2. బండి

హోండా బీట్ లాంటి 110 సీసీ బండి సుమారు 90 కిలోలు, సీటు ఎత్తు 74 సెంటీమీటర్లు. పిల్లతో కూర్చున్నా రెండు పాదాలు నేలకి ఆనతాయి, ఇరుకు ట్రాఫిక్‌లో కావలసింది అదే. ఎన్‌మ్యాక్స్, పీసీఎక్స్ వంటి పెద్ద స్కూటర్లు సోఫాలా ఉంటాయి గానీ 130 కిలోల దరిదాపుల్లో బరువు. పిల్ల వెనక కదిలినప్పుడు ఆగి ఉన్న బండిని ఒక కాలి మీద ఆపుకోగలమనే నమ్మకం ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

టైరు గాలి: బీట్‌కి ముందు 29, వెనక 33 పీఎస్‌ఐ. వేరే మోడల్ అయితే స్టిక్కరో మాన్యువలో చూడండి. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎండలో తిరిగి వచ్చి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందనుకుని మోసపోతారు.

3. పిల్ల ఎక్కడ కూర్చోవాలి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే.

ఫుట్‌బోర్డు మీద ముందు నిలబెట్టడం వద్దు. గట్టిగా బ్రేకు పడితే పిల్ల మొహం నేరుగా స్పీడోమీటరుకో హ్యాండిల్‌కో తగులుతుంది, ఆ వెనకే మీ బరువంతా పిల్ల మీద పడుతుంది. పైగా పిల్ల చెయ్యి ఎక్స్‌లేటర్‌కి అందేంత దగ్గర్లో ఉంటుంది. బజార్లో అమ్మే పేము కుర్చీలు, ఇనప కుర్చీలు కూడా ఆ ముందు చోటులోనే పెట్టేవి. కూర్చోవడానికి వీలు తప్ప, ఢీకొన్నప్పుడు కాపాడేది వాటిలో ఏమీ లేదు.

పిల్ల మీ వెనకే కూర్చోవాలి. అందుకు సిద్ధమో కాదో ఇంటి దగ్గరే, బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి చూడండి:

- రెండు పాదాలు వెనక ఫుట్‌రెస్టుల మీద పూర్తిగా ఆనాలి. మునివేళ్లు మాత్రమే తగిలితే ఇంకా టైముంది.
- మీ నడుము చుట్టూ చేతులు వేసి, లేదా మీ చొక్కా రెండు పక్కలా పట్టుకుని, పాట ఒకటి పాడినంత సేపు వదలకుండా ఉండాలి.
- "కుడికి", "ఎడమకి" అని మీరు అటూ ఇటూ వంగితే మీతోపాటు వంగాలి, ఎదురు వంగకూడదు.

మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ పిల్లకి స్కూటర్ వద్దు, ఇంకో ఏడాది ఆగండి. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ పాదాలు ఆనని పిల్లకి గతుకు వచ్చినప్పుడు తన్ని పట్టుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు.

పిల్లని మీ నడుముకి కట్టే బెల్టులు దుకాణాల్లో దొరుకుతాయి. కునికే పిల్ల పక్కకి జారకుండా అవి ఆపుతాయి, నిజమే. బండి పడితే మాత్రం పిల్ల మీతోపాటే ఈడ్చుకుపోతుంది. బెల్టు వాడినా, పిల్ల తల మీ వీపుకి బరువుగా ఆనిందంటే బండి ఆపి లేపండి. బెల్టు ఉందిగా అని నిద్రపోనివ్వద్దు.

బట్టల సంగతి. మన దగ్గర బండ్లకి వెనక చక్రం పక్కన చీర గార్డు ఉంటుంది, ఇక్కడి బండ్లకి ఉండదు. వెనక కూర్చునేది అమ్మ అయితే చున్నీ, కొంగు రెండూ బిగించి లోపలికి దోపుకోవాలి. ఒక పక్కకి కాళ్లు వేసి కూర్చోవడం వద్దు. పిల్ల బ్యాగు పట్టీలు, బూటు లేసులు వేలాడకూడదు. బ్యాగు మీ ముందు ఫుట్‌బోర్డు మీద పెట్టండి, హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిరుగుతుందో లేదో కదిలే ముందు ఒకసారి తిప్పి చూడండి.

4. హెల్మెట్

ఎస్‌ఎన్‌ఐ గుర్తు హెల్మెట్ పెంకు మీద ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉండాలి. వేలితో తడిమితే తెలుస్తుంది. స్టిక్కర్ ఒక్కటే ఉంటే కొనకండి. మన ఊరి నుంచి తెచ్చిన ఐఎస్‌ఐ హెల్మెట్ మంచిదే అయినా ఇక్కడి చట్టం అడిగేది ఎస్‌ఎన్‌ఐ. వెనకవాళ్లు పెట్టుకోకపోయినా జరిమానా నడిపేవాళ్లకే.

సరిపోయిందో లేదో ఇలా చూడండి: పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. తర్వాత హెల్మెట్ వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి నెట్టండి. నుదుటి మీదికి జారి ఊడొస్తుంటే ఆ సైజు పెద్దది. "వచ్చే ఏడాదికి కూడా సరిపోతుంది" అని పెద్ద సైజు కొనడం బట్టలకి చెల్లుతుంది, హెల్మెట్‌కి చెల్లదు.

5. ఎక్కడం, దిగడం

ఈ వరస పిల్లకి కంఠతా రావాలి.

ఎక్కేటప్పుడు: ముందు మీరు కూర్చుని రెండు కాళ్లూ నేలకి ఆనించండి. సైడ్ స్టాండు తీయండి. ఎడమ బ్రేకు లివరు దగ్గరున్న చిన్న లాకు వేయండి. అప్పుడు పిల్ల ఎడమ వైపు నుంచి ఎక్కుతుంది. "రెడీ" అని పిల్ల చెప్పాకే ఇంజను స్టార్ట్ చేయండి.

దిగేటప్పుడు: ముందు తాళం చెవి తిప్పి ఇంజను ఆపండి. తర్వాత పిల్ల, ఆ తర్వాత మీరు. ఎడమ వైపే దిగాలి. కుడి వైపు సైలెన్సరు ఉంటుంది, నిక్కరు వేసుకున్న పిక్కకి తగిలితే కాలిపోతుంది.

తాళం చెవి గురించి ఇంత పట్టు ఎందుకంటే, ఇక్కడి చాలా స్కూటర్లలో ఐడ్లింగ్ స్టాప్ ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన కొద్ది క్షణాలకి ఇంజను తనంతట తానే ఆగుతుంది, ఎక్స్‌లేటర్ తిప్పగానే మళ్లీ స్టార్ట్ అయి బండి కదులుతుంది. చప్పుడు లేదు కదా, ఆగిపోయిందనుకుని మీరు మినీమార్కెట్ ముందు పిల్లని బండి మీదే ఉంచి దిగుతారు. దిగేటప్పుడు ఆసరా కోసం పిల్ల కుడి హ్యాండిల్ పట్టుకుంటుంది, బండి పిల్లతో సహా దుకాణం అద్దంలోకి దూకుతుంది. పిల్లతో వెళ్లే రోజుల్లో ఐడ్లింగ్ స్టాప్ స్విచ్ ఆఫ్‌లో ఉంచండి. ఆదా అయ్యే పెట్రోలు ఏపాటిది!

6. దారి ముందే వేసుకోండి

ఆదివారం పొద్దున ఒక్కరే వెళ్లి చూసి రండి. టోల్ రోడ్ల మీద బండ్లకి ప్రవేశం లేదు. కాసబ్లాంకా ఫ్లైఓవరూ అంతే, పైకి ఎక్కే ముందు గుండ్రటి బోర్డు ఉంటుంది. ఆధారపడదగినది ఆ బోర్డే, మ్యాప్ కాదు. అయినా మ్యాప్‌లో తప్పకుండా మోటార్ సైకిల్ మోడ్ పెట్టుకోండి. ట్రాన్స్‌జకార్తా బస్సు లేను ఎంత ఖాళీగా కనిపించినా అందులోకి పోవద్దు, జరిమానా ఐదు లక్షల దాకా ఉంటుంది, ముందూ వెనకా బస్సు వస్తే తప్పుకోవడానికి చోటుండదు. కార్లకి ఉన్న సరి-బేసి నంబర్ల నిబంధన బండ్లకి లేదు.

సుంతర్ వైపు ఉండేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట: యోస్ సుదర్సో రోడ్డు మీద తంజుంగ్ ప్రియోక్ రేవుకి పోయే కంటైనర్ లారీలు ఉంటాయి. పది నిమిషాలు ఎక్కువైనా సరే, పిల్లతో ఉన్నప్పుడు లోపలి వీధులే పట్టండి.

7. రోడ్డు మీద

ఎడమ అంచు సురక్షితం అనుకోవద్దు. ప్రయాణికుల కోసం ఉన్నట్టుండి ఆగే ఆంకోట్ వ్యాన్లు, తలుపు తెరిచే కార్లు, తోపుడు బండ్లు, సందులోంచి చూడకుండా దూకే స్కూటర్లు, ఎదురుగా వచ్చే రాంగ్ రూట్ బండ్లు, అన్నీ ఆ అంచునే ఉంటాయి. ఎడమ లేనులోనే గానీ అంచుకి ఒక మీటరున్నర ఎడంగా పోండి. ఆంకోట్ వెనక ఉంటే దాని బ్రేకు లైటుని నమ్ముకోవద్దు, పేవ్‌మెంటు మీద ఎవరైనా చెయ్యి ఎత్తారా చూడండి. వ్యాను ఆగేది అక్కడే.

ముందు బండికి సరిగ్గా వెనక కాకుండా కాస్త పక్కగా ఉండండి. మీరు ఖాళీ వదిలితే ఎవరో ఒకరు దూరతారు, ఆపలేరు. దూరినప్పుడల్లా కాస్త వెనక్కి తగ్గండి, అంతే. రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు లివర్ల మీద ఉండాలి.

రెండు లారీల మధ్య సందులోంచి పోవద్దు, ఆగి ఉన్నా సరే. లారీకి ఎడమ పక్కన, క్యాబిన్ కింద మీరు డ్రైవరుకి కనబడరు. అతను ఎడమకి తిప్పితే ముందు చక్రం దాటిపోయినా వెనక చక్రం లోపలికి కోసుకుంటూ వస్తుంది. అద్దంలో డ్రైవరు మొహం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించడం లేదనే లెక్క.

సిగ్నల్ దగ్గర ముందు వైపు ఎర్ర రంగు వేసిన చోటు ఉంటే అది బండ్లదే, అందులో ఆగండి. మనకి అలవాటైన ఫ్రీ లెఫ్ట్ ఇక్కడ లేదు. బోర్డో బాణం లైటో ఉంటేనే ఎర్ర లైటులో ఎడమకి తిరగాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చినవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. హారన్ కూడా తగ్గించుకోండి. ఒక చిన్న "టిన్" చాలు, నొక్కి పట్టుకుంటే తిట్టినట్టు తీసుకుంటారు.

యూ-టర్న్‌ల దగ్గర చిల్లర కోసం ట్రాఫిక్ ఆపే కుర్రాళ్లుంటారు. వాళ్లు చెయ్యి ఊపగానే తిప్పేయకండి, ఎదురు వచ్చే బండి ఆగిందని మీ కళ్లతో చూశాకే కదలండి. రైలు గేటు పడితే ఎదురు లేనులోకి పోయి నిలబడొద్దు. పట్టాలు దాటేటప్పుడు వాటికి అడ్డంగా, నిటారుగా దాటండి. తడిసిన పట్టా మీద ఏటవాలుగా పోతే చక్రం జారుతుంది.

8. వాన, వరద

నవంబరు నుంచి మార్చి దాకా రెయిన్‌కోటు సీటు కిందే ఉండాలి. దుప్పటిలా కప్పుకునే పోంచో కొనకండి. దాని అంచు గాలికి లేచి చక్రంలో చుట్టుకుంటుంది, వెనక పిల్లకి ఏమీ కనబడదు, మీ వెనక లైటూ మూసుకుపోతుంది. బూట్ల మీద తొడిగే ప్లాస్టిక్ కవర్లు కొన్ని నున్నగా ఉంటాయి. కొనే ముందు తడి టైల్స్ మీద నడిచి చూడండి.

వాన పెద్దదైతే ఫ్లైఓవర్ కింద గుంపులో ఆగొద్దు. సగం రోడ్డు బండ్లతో మూసుకుపోయి, వెనక వచ్చే కార్లకి ఆ చీకట్లో ఎవరూ కనిపించరు. పెట్రోలు బంకో, ఇండోమారెట్, ఆల్ఫామార్ట్ దుకాణాల ముందరి పార్కింగో చూసుకోండి. మొదలైన పది నిమిషాల వాన చాలా జారుడు. జీబ్రా గీతల మీదా, పనులు జరిగేచోట వేసిన ఇనప పలకల మీదా బ్రేకు వేయొద్దు.

నీళ్లు నిలిచిన రోడ్డులో లెక్క ఇది: పేవ్‌మెంటు అంచు కనబడకపోయినా, ముందు బండి చక్రం ఇరుసు మునిగినా వెనక్కి తిరగండి. గుంతలు, మూతలేని కాలవలు కనబడవు. స్కూటర్ చక్రాన్ని తిప్పే బెల్టు పెట్టెలోకి నీళ్లు పోతే ఇంజను మోగుతుంది గానీ బండి కదలదు. తక్కువ నీళ్లయితే ఒకే వేగంలో, ఎక్స్‌లేటర్ పూర్తిగా వదలకుండా దాటండి. మధ్యలో ఇంజను ఆగితే మళ్లీ స్టార్టర్ నొక్కొద్దు. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ ఖర్చు పెద్దది. నెట్టుకుంటూ బయటికి తెచ్చి మెకానిక్‌కి చూపించండి. గేరు ఆయిలు పాల రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే, మార్పించండి.

9. వారానికోసారి

- టైరు గాలి, టైర్లలో దిగిన మేకులు. మేకు కనిపిస్తే పీకకండి. గాలి నిలిస్తే మెల్లగా దగ్గర్లోని తంబల్ బాన్ దుకాణానికి నడపండి. ఊరంతా ఈ పంక్చర్ దుకాణాలే.
- ఆయిలు: ఇంజను కాస్త నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలయ్యాక సెంటర్ స్టాండు మీద చూడాలి. హోండా స్కూటర్లలో ఆయిలు కొలిచే పుల్లని తుడిచి లోపల పెట్టాలి గానీ మర తిప్పకూడదు. తిప్పితే లెవెల్ తప్పు చూపిస్తుంది.
- బ్రేకు లైటు: రెండు లివర్లూ విడివిడిగా నొక్కి గోడ మీద వెలుగు చూడండి.
- చక్రాన్ని తిప్పే బెల్టు: హోండా మాటిక్‌లకి 24,000 కిలోమీటర్లకి మార్చమంటారు. అంతకంటే ముందే బయల్దేరేటప్పుడు వణుకు మొదలైతే చూపించండి.

ఇలాంటి స్కూటర్లతో పుంచక్ కొండలకి కుటుంబంగా వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. దిగుడులో వేగం బాగా తగ్గితే క్లచ్ వదిలేస్తుంది, బండిని ఆపే బరువంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి.

ముగ్గురు, నలుగురు ఉంటే

బడి దగ్గరైతే రెండు ట్రిప్పులు వేయండి. దూరమైతే బడి వాళ్ల, లేదా ప్రైవేటు పికప్ వ్యాను మాట్లాడుకోండి. ట్రాన్స్‌జకార్తా కింద నడిచే మిక్రోట్రాన్స్ చిన్న వ్యాన్లకి ఛార్జీ లేదు, కార్డు తట్టి ఎక్కాలి. ఆఫీసు దూరమైనవాళ్లు స్టేషన్ దాకా బండి మీద వెళ్లి, అక్కడి బండ్ల స్టాండులో పెట్టి కేఆర్‌ఎల్ లోకల్ రైలెక్కడం మేలు. మొదటి 25 కిలోమీటర్లకి టికెట్ మూడు వేల రుపియా. స్టాండులో హ్యాండిల్ లాకు, డిస్క్ తాళం రెండూ వేయండి, రసీదు బండిలో వదలకండి.

దెబ్బ తగిలితే

బండి కన్నా ముందు పిల్లని పక్కకి తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే హెల్మెట్ లాగొద్దు. అంబులెన్సుకి 119, జకార్తాలో అత్యవసరానికి 112. ఏటా పన్నుతోపాటు మీరు కట్టే 35,000 రుపియా జాసా రహార్జా సంస్థకి పోతుంది. ఇంకో వాహనంతో ఢీకొన్నప్పుడు ఆ సంస్థ వైద్యానికి రెండు కోట్ల రుపియా దాకా ఇస్తుంది. దానికి పోలీసు రిపోర్టు తప్పనిసరి, అందుకని "చిన్నదే కదా" అని అక్కడికక్కడే రాజీపడి వచ్చేయకండి. ఒక్కరే జారి పడితే ఇది రాదు. ఆ ఖర్చుకి ఆఫీసు ఇన్సూరెన్సో బీపీజేఎస్సో (ప్రభుత్వ ఆరోగ్య బీమా) దిక్కు. ఆ కార్డుల ఫొటోలు, పిల్ల బ్లడ్ గ్రూపు ఫోన్లో పెట్టుకోండి, పిల్ల బ్యాగులో మీ నంబరూ ఇంకో పెద్దవాళ్ల నంబరూ రాసి ఉంచండి.